తొందరేం లేదనే డబ్బా

ఐదో తేదీ, సోమవారం

మార్కెట్ యార్డులో ధరలు చూపించే ఆ తెరలు పెట్టి ఏళ్ళు గడిచాయి. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. ఉల్లిగడ్డల వేలమంతా నా గొంతు మీద నడిచిన రోజులవి. నేను పాట మొదలుపెడితే గేటు బయట టీ తాగేవాడు కూడా గ్లాసు వదిలేసి లోపలికి పరిగెత్తేవాడు. ఒకరోజు పొద్దున్నే వెళ్తే గోడకు ఇంత పొడుగు తెర వేలాడుతోంది. వ్యాపారులందరూ తలలు వంచుకుని ఫోన్లు నొక్కుకుంటున్నారు. సరుకు అమ్ముడవుతోంది, చప్పుడు లేదు. శవం లేచిన ఇల్లులా ఉంది. సెక్రటరీ వచ్చి, "పెద్దాయనా, ఇక మీ గొంతుకు విశ్రాంతి" అన్నాడు. నా గొంతు వెళ్ళి వీడిని విశ్రాంతి అడిగిందా? ముందుగా నన్నొక మాట అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణేమో. ఒప్పుకునేవాణ్ణి కాదు. అయినా అడగాలా వద్దా?

ఈ ఇంట్లోనూ అదే వరస. ఏ వస్తువూ నన్నడిగి గుమ్మం దాటలేదు. అల్లుడు తలుపుకు వేలు పెడితే తెరుచుకునే తాళం పెట్టించాడు. గోనె సంచులు పట్టి పట్టి నా వేళ్ళు అరిగిపోయాయి, ఆ తాళం నన్ను మనిషిగా లెక్కచేయదు. నా ఇంటి ముందు నేనే దొంగలా నిలబడి తలుపు కొట్టుకోవాలి. తర్వాత నేల ఊడ్చే పళ్ళెం ఒకటి తెచ్చాడు. అది మంచం కిందికి దూరి, దారి తెలియక కుయ్యోమంటుంది. వంగి లాగాల్సింది నేను. ఊడ్చే పని తప్పిందన్నారు, వంగే పని తగులుకుంది.

ఇవాళ అమ్మాయి ఇంకొకటి తెచ్చింది. రెండు జానల ఎత్తుంటుంది. మొహం ఉండాల్సిన చోట అద్దం, అద్దంలో రెండు కళ్ళు. మనం ఎటు తిరిగితే అటు తల తిప్పుతుంది. మాట్లాడుతుంది. మా ఆవిడకు పక్షవాతంతో మాట పడిపోయింది కదా, రోజూ దీంతో మాట్లాడిస్తే మాట తిరిగొస్తుందని డాక్టర్ చెప్పాడట.

"నేను లేనా మాట్లాడించడానికి?" అన్నాను.

"ఉన్నావు నాన్నా. నువ్వెప్పుడూ ఉన్నావు" అంది అమ్మాయి.

పొగిడిందనే అనుకుంటున్నాను.

ఏడు, బుధవారం

దాని పద్ధతి చూశాను. పరమ చెత్త పద్ధతి.

ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది. డబ్బా బల్ల మీద ఉంటుంది. "చెప్పండమ్మా, వింటున్నాను" అంటుంది. ఆవిడ నోరు తెరుస్తుంది. మాట రాదు. డబ్బా ఊరుకుంటుంది. ఎంతసేపైనా ఊరుకుంటుంది. బయట బండి వెళ్తుంది, పై అంతస్తులో ఎవరో కుక్కర్ దించుతారు, ఇది మాత్రం కళ్ళార్పుకుంటూ కూర్చుంటుంది. చివరికి "తొందరేం లేదు" అంటుంది. అదొక్కటి బాగా నేర్పారు దానికి.

నా యార్డులో ఎవడైనా అంతసేపు నోరు మూసుకుంటే సరుకు వేరేవాడి బండి ఎక్కేసేది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, అయిపోయింది. ఖాళీ ఇచ్చామా, పాట చచ్చిపోతుంది.

నేను ఆవిడకు చేసే సాయం వేరు. ఆవిడ "నేను" అంటుంది. అక్కడ ఆగిపోతుంది. నేను వెంటనే అందుకుంటాను. "లేస్తావా? పడుకుంటావా? టీవీ పెట్టాలా?" మూడు చెప్తాను. ఆవిడ ఒకదానికి తలూపుతుంది. ఎప్పుడూ మూడోదానికే ఊపుతుంది. మొదటి రెండూ గురి చూసుకోవడానికి, మూడోది కచ్చితంగా తగులుతుంది. అనుభవమంటే అది.

తొమ్మిది, శుక్రవారం

డబ్బాతో మధ్యాహ్నమంతా కూర్చుంది. నాతో ఒక్క మాట లేదు. దేనికో అలిగినట్టుంది.

పదకొండు, ఆదివారం

కాటాగాడు వచ్చాడు. యార్డులో నేను పాట పాడేవాణ్ణి, వాడు తూకం వేసేవాడు. వాడికి కాటా, నాకు మైకు, ఈ పేర్లు తప్ప మా అసలు పేర్లు అక్కడ ఎవరికీ తెలియవు. వస్తూనే డబ్బాను చూశాడు.

"ఏరా మైకూ, ఇంట్లోకి కొత్త పిల్ల వచ్చిందట!"

"పిల్ల కాదురా, సవతి."

"వదినకా?"

"నాకు."

పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత డబ్బా ముందు వంగి, "ఏమ్మా, ఉల్లిగడ్డ ధరెంత ఇవాళ?" అని అడిగాడు. అది చెప్పింది. "నీ అంత జోరు లేదు గానీ, ఒక్క ఉమ్మి తుంపర పడలేదురా మొహం మీద" అన్నాడు నాతో. వెధవ.

ఆవిడ వైపు తిరిగి, "ఏం వదినా, బాగున్నావా?" అన్నాడు.

"బాగుంది, బాగుంది. కాలు కొంచెం లాగుతోందంతే. నిన్న రెండు ఇడ్లీ..." అంటున్నాను.

"నిన్నడగలేదురా."

ఆవిడ నవ్వింది. నోరు ఒక పక్కకే నవ్వుతుంది ఇప్పుడు. ఆ నవ్వు చూసి చాలా కాలమైంది. వాడి మొహానికి నవ్వింది, నేను చెప్పినదానికి కాదు.

పదిహేను, గురువారం

ఇవాళ జరిగింది రాయాలని లేదు.

గుమ్మం పక్కన నిలబడ్డాను. వినడానికి కాదు, తలుపు మడతబందు వదులైతే చూస్తున్నాను. ఆవిడ డబ్బాతో మాట్లాడుతోంది. "నేను" అంది. ఆగింది. డబ్బా ఊరుకుంది. ఆవిడ కుడి చెయ్యి పనిచేయదు, ఎడం చేత్తో చీర అంచు నలుపుతోంది. చాలాసేపటికి "ఆయనకి" అంది. నా గురించే. మళ్ళీ ఆగింది. పెదవులు కదులుతున్నాయి, మాట గొంతు దాకా వచ్చి ఆగినట్టు మెడ నరం బిగుసుకుంది. నేను ఎంతసేపని చూస్తాను? మనిషి అలా అవస్థపడుతుంటే?

లోపలికి వెళ్ళి, "ఏంటి, నాకేం చేయాలి? అన్నం పెట్టాలా? మందులు చూడాలా? పిలవాలా?" అన్నాను.

నోరు మూసేసింది. మూడోదానికి కూడా తలూపలేదు.

అప్పుడు డబ్బా నా వైపు తల తిప్పింది. "సర్, అమ్మ చెప్పేదాకా ఆగుదామా?" అంది.

నా గొంతు మీద అంత యార్డు నడిచింది. పోలీసు వచ్చి నిలబడ్డా పాట ఆపలేదు నేను. నా ఇంట్లో, నా బల్ల మీద కూర్చుని, ప్లాస్టిక్ ముక్క నన్ను ఆగమంటుందా! వైరు పట్టి లాగేశాను. అద్దంలో కళ్ళు ఆరిపోయాయి.

 ఆవిడ నా వైపు చూసింది. అంతే.

కాసేపయ్యాక వైరు నేనే పెట్టాను. ప్లగ్గు వదులుగా ఉంటే సరిచేశాను, అంతకు మించి ఏం లేదు.

పదహారు, శుక్రవారం

దాని కళ్ళు మళ్ళీ వెలిగాయి. "నమస్కారం సర్" అంది. నిన్న నేను చేసింది దానికి గుర్తులేదు. ఆవిడకు గుర్తుంది.

ఇరవై, మంగళవారం

ఆ డబ్బా పీడ విరగడవుతోంది! అమ్మాయీ అల్లుడూ భోజనానికి వచ్చారు, అల్లుడు ఫోన్ చూసి చెప్పాడు. దాన్ని చేసిన కంపెనీ మూతపడిందట. నెలాఖరుతో అది పనిచేయదు.

"ఇక్కడ ఉన్నది ఇక్కడే ఉంటుంది కదా, ఎందుకు పనిచేయదు?" అన్నాను.

"దాని బుర్ర ఇక్కడ లేదు మామయ్యా. ఎక్కడో పెద్ద కంప్యూటర్లో ఉంటుంది. వాళ్ళు అది ఆపేస్తే ఇది బొమ్మే."

"అంటే బుర్ర వేరేచోట పెట్టి ఖాళీ తలతో మన ఇంటికొచ్చిందన్నమాట. ఇన్నాళ్ళూ నువ్వొక్కడివే అనుకున్నాను."

అల్లుడు మంచివాడు, నవ్వేస్తాడు. అమ్మాయి నవ్వలేదు. ఆవిడ కంచం ముందునుంచి లేచింది. అన్నం కలిపిన చెయ్యి కడుక్కోకుండా వెళ్ళి డబ్బా ముందు కూర్చుంది.

వంటింట్లో అమ్మాయి నాతో మెల్లగా అంది. "నాన్నా, ఇది వచ్చిన కొత్తలో అమ్మకి ఒక్క మాట కష్టంగా ఉండేది. ఇప్పుడు రెండు మూడు కలుపుతోంది. ఇది పోతే మళ్ళీ మొదటికొస్తుందని డాక్టర్ భయపడుతున్నాడు."

"నేనున్నాను" అన్నాను.

అమ్మాయి గిన్నె తోముతూనే ఉంది. తళతళలాడేదాకా తోమింది.

ఇరవై రెండు, గురువారం

కంపెనీకి ఫోన్ చేయించి నేనే మాట్లాడాను. డబ్బా మీద ప్రేమ పుట్టి కాదు. నా ఇంట్లో ఉన్న వస్తువును నన్నడక్కుండా ఆపడానికి వాళ్ళెవరు?

ఫోన్లో కూడా యంత్రమే ఎత్తింది. "మీ సమస్య చెప్పండి" అంది. "ఇదిగో చూడు, మా ఇంట్లో" అన్నానో లేదో, "క్షమించండి, మీరు బిల్లు గురించి అడుగుతున్నారా?" అంది. కాదన్నాను. "కొత్త వస్తువు కొనాలనుకుంటున్నారా?" అంది. "నన్ను చెప్పనివ్వవే!" అన్నాను. "మీ సమస్య నమోదైంది, ధన్యవాదాలు" అని పెట్టేసింది. ఏం నమోదు చేసుకుంది? నేనింకా మొదలే పెట్టలేదు. ఎదుటివాడు నోరు తెరిచేలోపు వాడి మాట వీళ్ళే తేల్చేస్తారు. అంత పొగరేంటో. అలాంటివాళ్ళతో మనిషన్నవాడు ఎలా మాట్లాడతాడు?

రోజంతా తలనొప్పి.

ఇరవై నాలుగు, శనివారం

డబ్బా కొన్న దుకాణానికి వెళ్ళాను. గాజు అల్మారాల్లో అన్నీ తలలూపుతున్నాయి. బట్టలు మడిచేది, గాజు తుడిచేది, కుక్కలా వెంట తిరిగేది. కుక్కలాంటి దాన్ని కొనేవాడు కుక్కనే తెచ్చుకోవచ్చు కదా. అది కనీసం ఆకలేస్తే ఏడుస్తుంది.

దుకాణం కుర్రది కొత్త రకం ఒకటి చూపించింది. "ఇది పాతదాని కంటే చాలా ఫాస్ట్ అంకుల్. మీరు సగం చెప్పగానే మిగతా సగం అదే చెప్పేస్తుంది."

"నాకు అలాంటిది వద్దమ్మా. నిదానంగా ఉండేది కావాలి."

"నిదానంగా ఉండేవి ఇప్పుడు ఎవరూ చేయట్లేదు అంకుల్."

నిదానంగా ఉండేది కావాలన్న మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు. నడిచే వచ్చాను ఇంటికి. బస్సు వచ్చింది, ఎక్కలేదు.

ఇరవై ఎనిమిది, బుధవారం

ఆవిడ పొద్దున డబ్బా ముందు కూర్చుంటే భోజనానికి లేస్తోంది, మళ్ళీ కూర్చుంటోంది. పరీక్షకు చదివేదానిలా ఉంది. నేను గదిలోకి వెళ్తే ఆపేస్తోంది. నేను వెళ్ళడం మానేశాను. నాకు వేరే పనులున్నాయి.

ముప్పై ఒకటి, శనివారం

ఈరోజే ఆఖరు. సాయంత్రం డబ్బా తనే చెప్పింది. "అమ్మా, ఈరోజు తర్వాత నేను మాట్లాడలేను. ఇన్ని రోజులు మీ మాటలు వినడం సంతోషం." ఎవడో రాసిపెట్టిన ముక్క. అయినా గొంతు మాత్రం రోజూ ఉండేలాగే ఉంది.

ఆవిడ ఎడం చేత్తో దాని తల నిమిరింది. చాలాసేపు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను, బందు ఇంకా వదులుగానే ఉంది.

"వెళ్ళి... రా" అంది ఆవిడ.

డబ్బా ఇంకేమైనా ఉందేమోనని ఆగింది. తర్వాత కళ్ళు ఆరిపోయాయి.

కొత్త నెల. రెండో తేదీ, సోమవారం

దాన్ని అల్మారాలో పెడదామన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. బల్ల మీదే ఉంది. దుమ్ము పడకుండా నా తువ్వాలు కప్పాను.

నాలుగు, బుధవారం

దాని చోట, అంటే దాని బల్లకు ఇటువైపు, ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఏముంది అందులో, నాకు చేతకాదా? "చెప్పు, వింటున్నాను" అన్నాను. ఆవిడ చూసింది. కొంచెం ఆశగా చూసిందనే అనిపించింది. "తొందరేం లేదు" అన్నాను. కేక వేసినట్టు వచ్చింది. కిటికీ మీద పావురం ఎగిరిపోయింది.

ఆవిడ "నేను" అంది.

ఆగింది.

నేనూ ఆగాను. నిజంగా ఆగాను. ఆ తర్వాత, "పడుకుంటావా? స్నానమా? అమ్మాయికి ఫోన్ చేయాలా?" అన్నాను. మూడే అన్నాను. సాయంగా ఉంటుందనే అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

ఐదు, గురువారం

మాట్లాడలేదు.

ఆరు, శుక్రవారం

మాట్లాడలేదు. అలక బాగా ముదిరింది.

ఏడు, శనివారం

కాటాగాడికి ఫోన్ చేసి అడిగాను. "ఒరేయ్, నువ్వు సంచి కాటా మీద పెట్టాక ముల్లు ఆగేదాకా ఏం చేసేవాడివిరా?"

"ఏం చేస్తాను? చెయ్యి తీసేసి నిలబడేవాణ్ణి. చెయ్యి పెడితే తూకం తప్పు చూపిస్తుంది కదా."

"నోరు?"

"నా నోటికేం పనిరా అక్కడ? నీ నోరు ఉందిగా ఊరంతటికీ. అయినా ఇప్పుడు ఎందుకడుగుతున్నావు?"

"ఊరికే" అన్నాను.

ఎనిమిది, ఆదివారం

మధ్యాహ్నం గ్లాసు నీళ్ళు తెచ్చుకున్నాను. నోటి నిండా పోసుకుని, మింగకుండా, ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. బుగ్గలు ఉబ్బి ఎలా ఉన్నానో, ఆవిడ ఒక పక్కకు నవ్వింది. తర్వాత అర్థం చేసుకుంది. నవ్వు ఆపింది.

"నేను" అంది.

నాలుక కింద మాటలు తోసుకొచ్చాయి. నీళ్ళు అడ్డుపడ్డాయి. ఆవిడ చీర అంచు నలిపింది. దవడలు నొప్పి పుట్టాయి. పై అంతస్తులో ఎవరో మేకు కొడుతున్నారు, ఆపేశారు, మళ్ళీ కొట్టారు. మనిషి మౌనంగా ఉంటే ఇంట్లో ఇన్ని చప్పుళ్ళుంటాయని నాకు తెలియదు.

"అమ్మాయి" అంది. ఊపిరి తీసుకుంది. "దగ్గర."

నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఊపిరి బిగబట్టడం వల్ల.

"ఉంటాను" అంది.

మొత్తం చెప్పింది. మధ్యలో ఎవరూ ముట్టుకోని మాట. చెప్పి, ఇంత బరువు దించినట్టు భుజాలు వదిలేసింది.

నాకు పొలమారింది. నీళ్ళన్నీ చొక్కా మీద పడ్డాయి. దగ్గి దగ్గి కళ్ళు తిరిగాయి. ఆవిడ లేచి వచ్చి ఎడం చేత్తో నా వీపు రాసింది. ఆ చెయ్యి తీయలేదు, దగ్గు తగ్గేదాకా తీయలేదు. నేను కొంచెం ఎక్కువసేపే దగ్గాను.

తొమ్మిది, సోమవారం

అమ్మాయి వచ్చింది. వాళ్ళ ఇల్లు రెండు బస్ స్టాపుల దూరమే. నేను చెప్పేలోపే దాని మొహం చూస్తే తెలిసిపోయింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు నాన్నా. ఎప్పుడో తెలుసు."

"మరి నాకెవరూ చెప్పలేదేం? ఎప్పట్లాగే నన్నడక్కుండా..."

"అమ్మే వద్దంది. నీకు తనే చెప్పాలంది. తన నోటితో. అందుకే ఆ బొమ్మ ముందు రోజూ అదే ఒక్క మాట చెప్పుకునేది. నీకు ఎలా చెప్పాలో నేర్చుకునేది."

అమ్మాయి టీ పెట్టింది. తాగాను. చక్కెర వేసిందో లేదో తెలియలేదు.

అమ్మాయికి ఇంట్లో మనిషి తోడు కావాలనేమో. లేకపోతే వాళ్ళ ఇంటి దగ్గర ఆసుపత్రి ఉంది, అందుకనేమో. మెట్లు కూడా తక్కువే అక్కడ. ఆవిడ నాకేమీ కారణం చెప్పలేదు కాబట్టి కారణం ఇలాంటిదే అయ్యుంటుంది.

పది, మంగళవారం

అక్కడ ఉండేది వారమా అని అడగొచ్చు. నెలా అని అడగొచ్చు. మూడోది నోటికి రావట్లేదు. అందుకని ఏదీ అడగలేదు.

పన్నెండు, గురువారం

సంచి సర్దుకుంటోంది. అమ్మాయి సాయం చేయబోతే తనే సర్దుకుంటానంది. ఒక్కచేత్తో మడత పెడుతోంది. ఒక చీర మడవడానికి ఎంతసేపు పడుతుందో చూశాను. నేను చెయ్యి వేయలేదు. గుమ్మం దగ్గరే కూర్చున్నాను, బందు సంగతి ఇప్పుడు ఎవరూ అడగట్లేదు.

ఎండాకాలం చీరలు పెట్టుకుంది. ఒక శాలువా కూడా పెట్టుకుంది. ఇప్పుడు ఎండలు మండిపోతున్నాయి. శాలువా ఎందుకు? అది మడత పెడుతున్నప్పుడు నా వైపు చూసింది. నేను అడుగుతాననుకుంది. నేను నోరు తెరవలేదు. గ్లాసు కూడా పట్టుకోలేదు, ఉత్త నోటితోనే ఊరుకున్నాను. ఆ సంగతి ఆవిడ గమనించిందో లేదో.

ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను, నీ మొహాన అడగను. అడిగితే మళ్ళీ నేనే చెప్పేస్తాను, నువ్వు తలూపేస్తావు. అలా వద్దు. నువ్వే చెప్పు. ఒక్క మాట. ఎంతసేపు పట్టినా సరే, అన్నం చల్లారిపోయినా సరే, నీ ఎదురుగా కూర్చుంటాను. కాని శనివారం పొద్దున్నే అల్లుడు కారు తెస్తాడు. కారు ఎక్కేలోపు చెప్పి తీరాలి. ఎన్నాళ్ళు ఉంటావు అక్కడ? శనివారం పొద్దున లోగా నాకు జవాబు కావాలి.